తుపాకుల అన్నయ్య

మొన్న మా వీధి చివరింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ పాత సామాన్లు అమ్మేయడానికి గరాజ్ సేల్ పెట్టారు. నాకు పనికొచ్చే వస్తువు అక్కడ ఒక్కటీ ఉండదని తెలిసినా మా ఆయనతో వెళ్ళాను. అమెరికాలో, ఈ మోరిస్‌విల్‌లో శనివారం పొద్దున్నే అంతకంటే గొప్ప కాలక్షేపం ఏముంటుంది? బల్ల మీద తుప్పు పట్టిన స్క్రూడ్రైవర్ల పక్కన, మూత వదులైన చిన్న సీసా ఒకటి ఉంది. వంగి చూడగానే వాసన తగిలింది. బాగా మాగిన చక్కెరకేళీ పండు మీద ఎవరో రెండు చుక్కల కిరసనాయిలు చల్లినట్టుండే వాసన. తుపాకీ గొట్టాలు శుభ్రం చేసే మందు అది. వెనక పైన్ చెట్ల మీద మంచు ఇంకా విడలేదు. ఆ సీసా ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. ఏం కావాలని ఆ ఇంటావిడ అడుగుతూనే ఉందని తరవాత మా ఆయన చెప్పారు.

మా కమ్యూనిటీలో ఆ వాసన వచ్చే ఇల్లు ఒకటే ఉండేది. ఆయన పేరు రాయను. రాసినా మా వాళ్ళలో సగం మందికి ఎవరో తెలియదు. ఎదురుగా అన్నయ్యా అనీ, వెనక తుపాకుల అన్నయ్య అనీ అనేవాళ్ళం. పిల్లలకి గన్ అంకుల్. ఆయనది కరీంనగర్ వైపు, మాది గుడివాడ దగ్గర. నన్ను "చెల్లె" అనేవారు. ఆ పిలుపులో అధికారం, ఆప్యాయత సరిసమానంగా ఉండేవి. నేను వంకాయ కూరలో కారం తక్కువ వేశానని చెప్పడానికీ అదే పిలుపు, మా అమ్మ పోయినప్పుడు తలుపు దగ్గర నిలబడి ఏం మాట్లాడాలో తెలియక అన్నదీ అదే పిలుపు.

పొట్టి మనిషి. కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని దాని కోసం ఇల్లంతా వెతికే రకం. ఇంట్లో సాలీడు కనబడితే కాగితం మీదకి ఎక్కించుకుని, దానితో మాట్లాడుకుంటూ పెరట్లోకి తీసుకెళ్ళి వదిలేసేవారు. అలాంటి మనిషి దగ్గర వేట లైసెన్స్ ఉండేదంటే ఎవరూ నమ్మరు. హెచ్-వన్‌బి వీసా మీద ఉన్న రోజుల్లో తుపాకీ కొనుక్కోవాలంటే వేట లైసెన్స్ ఉండి తీరాలట. అందుకని ఆయన ఆ క్లాసుకు వెళ్ళి, జింక కాలి గుర్తులకీ పంది కాలి గుర్తులకీ తేడా నేర్చుకుని, పరీక్ష పాసై, లైసెన్స్ తెచ్చుకున్నారు. గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా దాన్ని శ్రద్ధగా రెన్యూ చేయించుకుంటూ వచ్చారు. జన్మలో ఒక్క పిట్టని కొట్టింది లేదు. వదిన ఏడిపించేది, మా ఇంట్లో వేటగాడున్నాడు, చికెన్ మాత్రం నేనే పోయి తేవాలె అని.

ఆయనకి పాత తుపాకులంటే ఇష్టం. చెక్క పిడి నల్లబడి, ఎవరి బుగ్గో ఆనీ ఆనీ ఒకచోట నున్నగా అరిగిపోయిన రైఫిల్స్. ఆ అరిగినచోట బొటనవేలితో రాస్తూ, దీన్ని వాడినవాడు ఎడమచేతివాటం మనిషి అనీ, ఇది ఏ కొండ మీదో ఒంటరిగా బతికిన ముసలాయనదై ఉంటుందనీ కథలు చెప్పేవారు. ఇవన్నీ మీకెలా తెలుసని అడిగితే, తెలవదు చెల్లె, గట్లనిపిస్తది అనేవారు. వినేవాళ్ళకి నిజమేమో అనిపించేంత మెల్లగా చెప్పేవారు.

ఇంటికి ఎవరు కొత్తగా వచ్చినా ఒక తంతు ఉండేది. ఒక రైఫిల్ తెచ్చి, వెనక భాగం విప్పి పక్కన పెట్టి, లోపల ఏమీ లేదని, రెండు వైపులా తెరిచి ఉందని అందరికీ చూపించి, గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకునేవారు. వచ్చి కన్ను పెట్టి చూడమనేవారు. ఆడవాళ్ళందరం సోఫా వెనక్కి తప్పుకునేవాళ్ళం. ఎట్టకేలకి ఒకసారి నేను చూశాను. గొట్టం లోపల సన్నటి గాడులు మెలికలు తిరుగుతూ పోతున్నాయి. వాటి మీద కిటికీ వెలుతురు పడి, వెండి ఉంగరాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతున్నట్టుంది. ఆ చివర ఎక్కడో చిన్న గుండ్రటి ఆకాశం. "సుడి కనవడ్తుందా?" అని ఆయన చెవి పక్కన అడిగారు. కనబడుతోందన్నాను. గొట్టం దించాక కూడా కాసేపు గది అంతా మెల్లగా తిరుగుతున్నట్టే ఉంది. ఆ పూట నేను చేసిన టీలో చక్కెర వేయడం మరిచిపోయాను.

ప్రతి శనివారం పొద్దున్నే గురి సాధన చేసే షూటింగ్ రేంజ్‌కి వెళ్ళేవారు. ఒకసారి మా ఆయనా నేనూ వెంట వెళ్ళాం. ఊరు దాటాక ఎర్రమట్టి దారి, రెండు పక్కలా పైన్ చెట్లు, వాటి మధ్య పాలు ఒలికినట్టు మంచు. చప్పుడు వినబడకుండా చెవులకి పెద్ద ఇయర్‌మఫ్‌లు తగిలించగానే లోకం ఎక్కడో దూరంగా జరిగిపోయింది. నా గుండె చప్పుడు నాకే వినబడుతోంది. ఆయన ఆఫీసులో సర్వర్లు చూసుకునేవారు. అన్నం తింటున్నా, గుడిలో ఉన్నా ఫోన్ మోగుతూనే ఉండేది. అక్కడ మాత్రం ఫోన్ కార్లో పడేసి వచ్చేవారు. మిగతావాళ్ళు టపటపా పేల్చుకుపోతుంటే ఈయన ఒక్క గుండు పేల్చడానికి ముసలమ్మ సూదిలో దారం ఎక్కించినంత సేపు తీసుకునేవారు. నా చేతికిచ్చినప్పుడు భుజం దగ్గర సరిచేసి, చెవి మీది మఫ్ కొంచెం ఎత్తి చెప్పారు.

"తొందరేం లేదు చెల్లె. ఊపిరి ఇడువు. సగం ఇడిసినంక ఆగు. గా ఆగినకాడ ఏం ఉండదు. గదే మంచిగుంటది."

నేను పేల్చింది మట్టి గట్టుకి తగిలింది. ఆయన మాత్రం ఆ గట్టు కేసే చాలాసేపు చూసి, మంచిగ ఆగినవు అన్నారు. గురి సంగతి ఎత్తలేదు.

తుపాకులకోసమని మనిషెత్తు ఇనప్పెట్టె ఒకటి కొన్నారు. దేవుడి గదిగా మార్చుకున్న పెద్ద బట్టల క్లోసెట్‌లోనే, దేవుళ్ళ అర పక్కన అది నిలబడి ఉండేది. నంబర్ నొక్కితే తెరుచుకునే తాళం. అంత గట్టి పెట్టె మా వాళ్ళ కళ్ళబడకుండా ఉంటుందా? సెలవులకి ఇండియా వెళ్ళేవాళ్ళు ముందు ఒక్కరు, తరవాత అందరూ, బంగారం డబ్బాలు ఆయన దగ్గర పెట్టి వెళ్ళడం మొదలుపెట్టారు. బ్యాంకు లాకరు ఉన్నవాళ్ళు కూడా. తిరిగొచ్చాక చాలామందిమి వాటిని అక్కడే ఉంచేసేవాళ్ళం. ఆయన ఒక్కొక్కరి డబ్బా రెండు చేతులా అందుకుని, ఒక్కొక్క తుపాకీ పక్కన పెట్టి, ఇగో ఈ పెద్దమనిషి మీ వడ్డాణానికి కాపలా అనేవారు. మా డబ్బాకి ఆ ఎడమచేతివాటం ముసలాయన కాపలా. ఆ రోజుల్లో ఇండియాలో ఎక్కడ పడుకున్నా నాకు దొంగల బెంగ ఉండేది కాదు.

వదినకి మాత్రం ఆ తుపాకులంటే పడేది కాదు. పక్కనే లక్ష్మీదేవి, పక్కనే అవి, ఏం ఇల్లమ్మా ఇది అని మొత్తుకునేది. ఈ పిచ్చి వదిలితే సత్యనారాయణ వ్రతం చేయిస్తానని ఎప్పుడో మొక్కుకుంది. ఆ మొక్కు సంగతి మాకందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. మీ సత్యనారాయణస్వామికి నా ఇంట్ల పనిలేదు లే అని నవ్వేవారు.

ఒక చలికాలం ఆయన శనివారాలు మానేశారు. మొదట చలి అన్నారు, తరవాత నడుం నొప్పి అన్నారు. చలి పోయింది, డాగ్‌వుడ్ పూలు వచ్చాయి, శనివారం కారు మాత్రం ఇంటి ముందు డ్రైవ్‌వేలోనే ఉండేది. కొన్నాళ్ళకి, ఇంట్రెస్ట్ పోయింది అన్నారు. ఆ మాట మా కమ్యూనిటీలో పెళ్ళి కబురులా తిరిగింది. మగవాళ్ళు ఇక గోల్ఫ్ మొదలెట్టమన్నారు. ఆడవాళ్ళం వదినని అభినందించాం. ఉన్నట్టుండి సాత్వికుడైపోయారు, టీవీ కూడా చూడకుండా సోఫాలో ప్రశాంతంగా కూర్చుంటున్నారు అని ఆవిడ మురిసిపోయింది. ఫోన్ మోగినా తియ్యట్లేదు అన్నది, అదీ ఒక సుగుణంగానే. ఎన్నో ఏళ్ళుగా దేవుణ్ణి అడిగింది దొరికినప్పుడు, అది ఎలా దొరికిందని ఎవరు తరిచి చూస్తారు?

మొక్కు తీర్చుకోవాలి కదా. ఒక ఆదివారం వ్రతం పెట్టుకున్నారు. పంతులుగారికి ఆ రోజు తీరిక లేక ఐప్యాడ్‌లోంచే చేయించారు. ఆయన పట్టుపంచె కట్టుకుని పీట మీద కూర్చున్నారు. అక్షతలు వేయమని పంతులుగారు అన్నప్పుడల్లా వదిన వేస్తోంది, ఆయన చెయ్యి మాత్రం పిడికిలి బిగించినట్టే ఒళ్ళో ఉండిపోయింది. కథలు అయిపోయి, అందరం ప్రసాదం తిని, చేతులు కడుక్కుని వచ్చినా ఆ అక్షతలు ఆ పిడికిట్లోనే ఉన్నాయి. నేను పక్కకి వెళ్ళి, అన్నయ్యా, చెయ్యి తెరవండి అన్నాను. ఆయన తన చేతినే కొత్తగా చూసుకున్నారు. పసుపు అరచేతికి అంటుకుని ఉంది.

హాలు సందడిగా ఉంది. నాకేం తోచక, పాత రోజుల్లోలా, ఆ గొట్టం ఒకసారి తెండి, చూసి చాలా రోజులైంది అన్నాను. ఆయన కిటికీ కేసి చూశారు.

"ఏమున్నది చెల్లె చూసేందుకు? ఉత్త పైపే."

ఆ వారంలోనే ఆయన ఇంటింటికీ తిరిగి ఎవరి బంగారం వాళ్ళకి ఇచ్చేశారు. పెట్టె అమ్మేస్తున్నారేమో అనుకున్నారు అందరూ. మా ఇంటికి చిట్టచివర వచ్చారు. మధ్యాహ్నం, నేను ఇంటినుంచే పనిచేస్తున్నాను. ఎప్పుడొచ్చినా సగం కప్పు చాలు అని, ఆ సగం కప్పులు మళ్ళీ మళ్ళీ పోయించుకునే మనిషి, ఆ రోజు టీ వద్దన్నారు. డబ్బా నా చేతిలో పెట్టి గుమ్మంలోనే నిలబడ్డారు. జర ఇంటికి రాగలవా, మీ వదిన గుడికి పోయింది, ఒక చిన్న పనున్నది అన్నారు. చెప్పులు వేసుకుని వెంట నడిచాను.  గాలికి పైన్ పుప్పొడి పసుపుగా లేచి మా ముందే తిరుగుతోంది.

ఇనప్పెట్టె తలుపు బార్లా తెరిచి ఉంది. డబ్బాలు లేకపోయేసరికి తుపాకులు వరసగా, విడివిడిగా కనబడుతున్నాయి. దేవుళ్ళ ముందు దీపం ఇంకా కొండెక్కలేదు. కొత్త నంబర్ ఎలా పెట్టాలో ఆయన చూపించారు. తలుపు వెనక చిన్న మీట ఒకటి. అది నొక్కి, కొత్త నంబర్ కొట్టాలి, అంతే.

"నంబర్ నువ్వు పెట్టు చెల్లె. నాకు చెప్పకు. ఎన్నడు అడిగినా చెప్పకు."

అలా అని గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఎందుకన్నయ్యా అన్నాను. ఇంట్రెస్ట్ పోయింది అని చెప్పిన గదా అన్నారు. వీటి మీదేనా అన్నాను. ఆయన ఇటు తిరగలేదు.  అడగకూడని మాట అని మా ఇళ్ళల్లో నేర్పిన మాట ఒకటుంది, దాన్ని ఎలా అడిగానో ఇప్పటికీ నాకు తెలియదు.

"చచ్చిపోవాలనిపిస్తోందా అన్నయ్యా?"

ఆయన ఆగారు. రేంజ్‌లో ఊపిరి సగం వదిలి ఆగేవారే, అలా.

"రోజు కాదు," అన్నారు.

నేను మీట నొక్కి, నంబర్ పెట్టి, తలుపు మూసేశాను. ఎవరి పుట్టినరోజూ కాని, ఏ ఇంటి నంబరూ కాని అంకెలు. ఏమిటో మా ఆయనకీ చెప్పలేదు, ఇక్కడా రాయను. పెట్టెకి విడి తాళంచెవి ఉంటే అదీ అడిగి తీసుకున్నాను. అప్పుడు, వదినకి చెప్పాలి అన్నాను. ఆయన తల ఊపారు. చెప్పు, నాతోని అయితలేదు అన్నారు. ఇద్దరం ఆ క్లోసెట్ నేల మీదే కూర్చుని ఆవిడ కోసం చూశాం.

వదిన గుడి ప్రసాదం చేతిలో పట్టుకునే వచ్చింది. నేను అంతా చెప్పాను. ప్రసాదం దేవుడి దగ్గర పెట్టబోయి ఆగి, అలాగే పట్టుకుని మా మధ్య కూలబడింది. చివరికి ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, "దీనికా నేను వ్రతం జేసింది?" అన్నది. ఆ మాటకి ఆయన ఏడ్చారు. ఆయన ఏడవడం చూసి మాకు భయం తగ్గింది. ఎందుకో చెప్పలేను గానీ తగ్గింది.

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. తరవాతి నెలలు నాకు ఒక పొడుగాటి మబ్బు పట్టిన మధ్యాహ్నంలా గుర్తున్నాయి. మందులు పడవు, మారుస్తారు, మళ్ళీ పడవు. కౌన్సెలర్‌తో ఇంగ్లీషులో దుఃఖం చెప్పుకోవడం రావట్లేదు అని ఆయన కంప్లైంట్. ఇంగ్లీషుల గంట సేపు చెప్పిన చెల్లె, ఎవరిదో కథ చెప్పినట్టుంది అనేవారు. అయినా వెళ్ళారు. శనివారం పొద్దున రేంజ్‌కి వెళ్ళే వేళకి మా ఇంటికి వచ్చి కూర్చునేవారు. నేను టీ పెట్టేదాన్ని. సగం కప్పు చాలు అన్న రోజున వదినకి ఫోన్ చేసి చెప్పాను. నంబర్ మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. నాకే భయం, మాటల మధ్యలో నోరు జారుతుందేమోనని. ఆయన ఎదురుగా కూరగాయల ధర చెప్పడానికి కూడా తడుముకునేదాన్ని.

మెల్లగా మనిషి తిరిగొచ్చారు. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని మా ఇంట్లో వెతకడం మొదలుపెట్టారు. నా వంకాయ కూరకి పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. తుపాకుల మీద ఇష్టం మాత్రం రాలేదు. దాని కోసం మేం ఎదురుచూశామంటే నవ్వుతారు. అది పోవాలని మొక్కిన వదినే, ఒకసారి రేంజ్ దాంక పోయొద్దామా, ఊరికే చూసొద్దాం అని బతిమాలేది. అడుగుతూనే వణికేది. ఇష్టం తిరిగొస్తే ఆరోగ్యం పూర్తిగా వచ్చినట్టని మా లెక్క. ఆయన మా ఇద్దరినీ చూసి, అది వేరే, ఇది వేరే అన్నారు. జబ్బు వచ్చి ఇష్టాన్ని తీసుకుపోయింది, జబ్బు పోతూ దాన్ని తిరిగివ్వలేదు, అంతే. చిన్నప్పుడు నాకు గాలిపటాలంటే ప్రాణం, ఇప్పుడు లేదు గదా, ఏడుస్తున్ననా అన్నారు.

మరుసటేడు డీలరు వచ్చి తుపాకులన్నీ తీసుకుపోయాడు. పెట్టె తెరవడానికి నేను వెళ్ళాను. ఒక్కొక్కటీ వ్యాను ఎక్కుతుంటే ఆయన దాని అరిగినచోట ఒకసారి బొటనవేలితో రాసి వదిలేశారు. కథలేమీ చెప్పలేదు. నేనే ఆ ఎడమచేతివాటం ముసలాయన వెనక వ్యాను దాకా నడిచాను. వ్యాను మలుపు తిరిగాక లోపలికి వచ్చి, ఖాళీ పెట్టె ముందు నిలబడి, ఇగ చెప్పొచ్చు చెల్లె నంబర్, ఎండాకాలం వస్తున్నది, మీ డబ్బాలు పెట్టుకోవాలె గదా అన్నారు. వదిన నా కేసి చూసింది. చెప్పాను. ఆయన పైకి ఒకసారి అనుకుని, గింత సులువైనది పెట్టినవా అని కోప్పడ్డారు.

ఆ తరవాత కొన్నేళ్ళు అందరిలానే గడిచాయి. రిటైరయ్యారు, మోకాలు ఆపరేషన్ చేయించుకున్నారు, కూతురి పెళ్ళిలో పెద్దగా పాడి పరువు తీశారు. మేం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆయన ఫోన్ తీయడం ఆలస్యమైన ప్రతిసారీ నాకూ వదినకీ ఒకటే ఆలోచన వచ్చేది. ఇద్దరికీ వస్తోందని ఇద్దరికీ తెలుసు. మనిషి బాగుపడ్డాడని కళ్ళు చెప్పినా, ఆ ఆలోచన మాత్రం కడుపులోంచి పోలేదు.

ఈ జనవరిలో ఒక పొద్దున వదిన ఫోన్ చేసింది. ఆవిడ ఊపిరి వినగానే విషయం తెలిసిపోయింది. ఎలా అని అడగాలి.  నేను అడగలేకపోతున్నది ఏమిటో ఆవిడకి తెలుసు. అందుకే పోయిండు అన్న మాట కంటే ముందు అదే చెప్పింది.

"నిద్రలనే, చెల్లె. గుండె ఆగింది. అందరు పోయినట్టే పోయిండు మీ అన్న."

వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. ఏడుపూ, దేవుడికి దణ్ణమూ ఒక్కసారే వచ్చాయి. ఇంకోసారి చెప్పు వదినా అన్నాను. చెప్పింది.